ఇంజను వేడికీ నాకింగు మోతకూ ఉన్న సంబంధం
(పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సమావేశంలో కారు ఊసు ఎందుకని మీకు అనిపించవచ్చు. మా సంఘానికి ఒక పాత పెట్రోలు అంబాసిడరు ఉంది. ఒక వేసవి మధ్యాహ్నం, ఈనలేక అవస్థ పడుతున్న గేదె కోసం పశువుల డాక్టరుగారిని ఎక్కించుకుని బయలుదేరాం. ఎత్తు ఎక్కుతుంటే, డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు ఇంజనులో మోత మొదలైంది. నీటి వేడి చూపే ముల్లు చివరికి చేరింది. 'ఎలాగో చేరిపోదాం' అని తొక్కుతూనే పోయాం. కొంత దూరం పోగానే పిస్టనుకు చిల్లు పడి బండి నిలిచిపోయింది. డాక్టరుగారు మోటారు సైకిలు దొరికించుకుని వెళ్లేసరికి గేదె దక్కింది గాని దూడ దక్కలేదు. తప్పు మాదే. అందుకే ఆ తర్వాత తెలుసుకున్నది మీ ముందుంచుతున్నాం.

ప్లగ్గు నిప్పు వేయగానే పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ఒక్కసారిగా పేలదు. గడ్డివామికి ఒక మూల అంటుకున్న మంటలా వరుసగా పాకుతుంది. కాలిన వాయువులు ఉబ్బి, ఇంకా కాలని చివరి మిశ్రమాన్ని నొక్కుతాయి. నొక్కుడుకు అది వేడెక్కుతుంది. ముందే వేడిగా ఉంటే, మంట తన దాకా రాకముందే తనంతట తానే ఒక్కుమ్మడిగా అంటుకుంటుంది. ఆ దెబ్బకే లోహం మోగుతుంది. పుస్తకాల్లో దీని పేరు డిటోనేషన్. మన డ్రైవర్లు నాకింగు అంటారు.

రేడియేటరు నీరు కాగితే హెడ్డు, సిలిండరు గోడలు, లోపలికి వచ్చే మిశ్రమం అన్నీ వేడెక్కుతాయి. కనుక నాకింగు సులభంగా వస్తుంది. అంతటితో ఆగదు. మామూలుగా లోహాన్ని అంటిపెట్టుకుని ఒక పలచని వాయుపొర ఉండి, మంట వేడి నేరుగా తగలకుండా కాస్తుంది. నాకింగు దెబ్బ ఆ పొరను చెదరగొడుతుంది. పిస్టను మరింత కాలుతుంది, నీరు మరింత కాగుతుంది. వేడి మోతను పెంచుతుంది, మోత వేడిని పెంచుతుంది. మా పిస్టను కరిగింది ఇలాగే.

పాలను 4 డిగ్రీలకు ఎంత త్వరగా దించితే అంత మంచిదని మనకు తెలుసు. ఇంజనుకు ఆ లెక్క పనికిరాదు. సుమారు 80 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాటును 'వేడి తగ్గుతుంది' అని తీసి పారేస్తే ఇంజను చల్లగా ఉండిపోతుంది. ఆవిరి కాని పెట్రోలు సిలిండరు గోడల మీది నూనెను కడిగేస్తుంది. అరుగుదల పెరుగుతుంది.

టైమింగు సంగతీ అంతే. నిప్పు మరీ ముందు పడితే నాకింగు వస్తుంది. మోత పోవాలని మరీ వెనక్కి తిప్పితే లాగుడు తగ్గి, ఇంజను ఇంకా వేడెక్కుతుంది. పాయింట్ల గ్యాపు పెరిగినా టైమింగు ముందుకు జరుగుతుంది. కనుక ముందు గ్యాపు, తర్వాత టైమింగు సరిచేయించాలి.

నాకింగును అణచడానికి పెట్రోలులో సీసం కలపవచ్చని అమెరికాలో థామస్ మిడ్జ్లీ 1921లో కనుగొన్నాడు. సీసం విషం కాబట్టి మన దేశంలో 2000 నాటికి దాన్ని మానేశారు. ఇప్పుడు ఇథనాల్ కలుపుతున్నారు. ఇది నాకింగును తట్టుకుంటుంది గాని, పాత కార్బ్యురేటరులో మిశ్రమాన్ని పలచబరుస్తుంది. మరీ పలచనైతే వేడి పెరగవచ్చు. జెట్టు, రబ్బరు గొట్టాలు మెకానిక్కుకు చూపించండి.

వేసవికి ముందే రేడియేటరు రెక్కల్లోని దుమ్ము, పొట్టు కడిగించండి. ఫ్యాను బెల్టు బిగువు, రేడియేటరు మూత రబ్బరు చూసుకోండి. మూత ఒత్తిడిని నిలిపితేనే నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. హెడ్డు విప్పినప్పుడు పేరుకున్న మసి గీకించండి.

దారిలో మోత వినిపిస్తే వెంటనే యాక్సిలరేటరు వదిలి కింది గేరు వేయండి. ముల్లు ఇంకా ఎక్కుతుంటే బండిని నీడన ఆపి, ఇంజను కట్టేయండి. వేడి మీద మూత తీయవద్దు, ఒళ్లు కాలుతుంది. కాగిన ఇంజనులో చన్నీళ్లు పోయవద్దు, హెడ్డు పగులుతుంది.

ఆనాడు అరగంట ఆగి ఉంటే ఆలస్యంగానైనా డాక్టరుగారిని మేమే చేర్చేవాళ్లం. పశువు మూలిగితే పరుగెత్తే మనం, ఇంజను మూలుగునూ వినిపించుకోవాలని మనవి.