ఒకే లెక్క: సూర్యుడు, మెదడు, కాలిపోయిన పుస్తకం



ఇవాళ ఒక బొగ్గు ముక్కతో మొదలుపెడదాం. చూస్తే పొయ్యిలోంచి తీసిన కట్టెలా ఉంటుంది. కానీ అది పుస్తకం. క్రీ.శ. 79లో ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు హెర్క్యులేనియం అనే ఊరు మొత్తం పూడిపోయింది. ఆ ఊళ్లో ఒక పెద్ద భవంతి, అందులో లైబ్రరీ. వందల కొద్దీ పపైరస్ చుట్టలు ఆ వేడికి బొగ్గయిపోయాయి. 1750లలో తవ్వకాల్లో బయటపడ్డాయి. విప్పి చదవబోతే పొడి పొడి అయిపోయేవి. అలా కొన్ని చేతుల్లోనే నాశనమయ్యాయి.

2023 అక్టోబర్‌లో ఏం జరిగిందంటే, అలాంటి ఒక చుట్టను విప్పకుండానే అందులో ఒక పదం చదివారు. గ్రీకు పదం, 'పోర్ఫిరాస్'. ఊదా రంగుకు సంబంధించిన మాట. చదివింది ల్యూక్ ఫారిటర్ అనే 21 ఏళ్ల అమెరికన్ స్టూడెంట్. మీ వయసే!

ఎలా సాధ్యమైంది? 'ఏఐ' అని కామెంట్ పెట్టేస్తారని తెలుసు. అది సగం జవాబే. మిగతా సగం ఒక పాత లెక్క. ఆ లెక్క ఒక గణిత పండితుడి కాగితం మీద, సూర్యుడి మ్యాప్‌లో, హాస్పిటల్ స్కానర్‌లో విడివిడిగా పుట్టింది. ఇవాళ్టి ఎపిసోడ్ దాని గురించే.

ముందు లెక్కేంటో చూద్దాం. భయపడకండి, నాలుగు గళ్లే. పైన రెండు, కింద రెండు. ప్రతి గడిలో ఒక అంకె ఉంది, మీకు కనపడదు. పై వరస మొత్తం 3, కింది వరస మొత్తం 7. నిలువుగా ఎడమ వైపు మొత్తం 4, కుడి వైపు 6. లోపల ఏ అంకెలున్నాయి?

పైన 1, 2, కింద 3, 4 అంటారా? కరెక్టే. కానీ పైన 0, 3, కింద 4, 3 వేసినా మొత్తాలు సరిపోతాయి. వేసి చూసుకోండి. అంటే రెండు దిక్కుల నుంచి చూస్తే సరిపోలేదు. ఇప్పుడు మూడో దిక్కు నుంచి చూద్దాం. పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకు ఐమూలగా కలిపితే 5 అని చెప్పాననుకోండి, ఇక మొదటి జవాబు ఒక్కటే మిగులుతుంది.

సీటీ స్కాన్ అంటే ఇదే. ఎక్స్‌రే శరీరంలోంచి దూసుకొచ్చేటప్పుడు, దారిలో ఉన్న ఎముక, కండ, కొవ్వు అన్నీ కలిపి ఎంత అడ్డుకున్నాయో 'మొత్తం' మాత్రమే చెబుతుంది. ఎక్కడ ఏముందో చెప్పదు. చుట్టూ తిరుగుతూ చాలా దిక్కుల నుంచి మొత్తాలు తీసుకుంటే, లోపలి గళ్లను లెక్కగట్టొచ్చు. నాలుగు గళ్లకు బదులు లక్షల గళ్లు, అంతే తేడా.

ఈ లెక్క సాధ్యమేనని 1917లోనే నిరూపించాడు యోహాన్ రాడాన్ అనే ఆస్ట్రియా గణిత శాస్త్రవేత్త. హాస్పిటల్ కోసం కాదు, శుద్ధ గణితం కోసం. జర్మన్ భాషలో పేపర్ అచ్చయింది. డాక్టర్లెవరూ చదవలేదు, చదవాల్సిన అవసరం ఉందని కూడా ఎవరికీ తెలీదు.

ఇప్పుడు ఆకాశంలోకి వెళ్దాం. 1950లలో రొనాల్డ్ బ్రేస్‌వెల్ అనే రేడియో ఖగోళ శాస్త్రవేత్తకు సూర్యుడి మ్యాప్ కావాలి. కానీ ఆయన వాడే తరహా రేడియో పరికరాలు సూర్యుడిని చుక్క చుక్కగా చూడలేవు. ఒక సన్నటి పట్టీ మీద ఎంత రేడియో శక్తి వస్తోందో, ఆ మొత్తాన్ని ఒక్క నంబర్‌గా ఇస్తాయి. వేరే వేరే కోణాల్లో పట్టీల మొత్తాలున్నాయి, లోపలి చిత్రం కావాలి. మన నాలుగు గళ్ల లెక్కే కదా! 1956లో ఆయన దీని మీద పేపర్ రాశాడు. 1967లో రిడిల్ అనే సహచరుడితో కలిసి, కంప్యూటర్‌కు ఇంకా సులువైన పద్ధతి చూపించాడు.

అదే 1956లో, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో అలన్ కార్మాక్ అనే ఫిజిక్స్ లెక్చరర్‌ని అక్కడి గ్రూట్ షూర్ హాస్పిటల్‌లో వారానికి ఒకటిన్నర రోజు డ్యూటీకి పిలిచారు. అక్కడ క్యాన్సర్ పేషెంట్లకు రేడియేషన్ ఇచ్చేటప్పుడు శరీరమంతా ఒకేలా ఉంటుందనుకుని డోసు లెక్కేయడం చూశాడు. ఎముక వేరు, ఊపిరితిత్తి వేరు కదా, లోపల ఎక్కడ ఏముందో ముందు తెలియాలి అనుకున్నాడు. సొంతంగా లెక్క చేసి 1963, 1964లో రెండు పేపర్లు అచ్చు వేయించాడు. స్పందన దాదాపు సున్నా. పేపర్ కాపీ కావాలని వచ్చిన ఉత్తరాల్లో ఆయనకు బాగా గుర్తున్నది స్విట్జర్లాండ్‌లో మంచు చరియల మీద పరిశోధన చేసే కేంద్రం నుంచి వచ్చింది! రాడాన్ అనే మనిషి ఇదే లెక్కను ఎప్పుడో చేసేశాడని కార్మాక్‌కు తెలియడానికి 14 ఏళ్లు పట్టింది.

ఇంకోవైపు లండన్‌లో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. యూనివర్సిటీ డిగ్రీ లేదు. రాడార్లు, కంప్యూటర్లు తెలిసిన ఇంజినీర్. పనిచేసింది ఈఎంఐలో, అవును, బీటిల్స్ పాటల రికార్డులు అమ్మిన ఆ కంపెనీయే. బీటిల్స్ డబ్బుతోనే సీటీ స్కాన్ పుట్టిందని రీల్స్ తిరుగుతుంటాయి. అంత సింపుల్ కాదు. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య శాఖ కూడా పెద్ద మొత్తమే పెట్టింది. హౌన్స్‌ఫీల్డ్‌కూ రాడాన్ సంగతి తెలీదు. తన దారిలో తాను లెక్క కట్టాడు.

1971 అక్టోబర్ 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ హాస్పిటల్‌లో మొదటి పేషెంట్‌కు స్కాన్ చేశారు. మెదడులో గడ్డ ఉందేమోనని అనుమానమున్న మహిళ. చిత్రం 80 అడ్డం, 80 నిలువు గళ్లే, మీ వాట్సాప్ డీపీ అంతకంటే క్లియర్‌గా ఉంటుంది. అయినా గడ్డ స్పష్టంగా కనిపించింది. అంతకు ముందు మెదడు లోపల చూడాలంటే ఏం చేసేవాళ్లో తెలుసా? వెన్నులో సూది గుచ్చి, మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని తీసేసి, గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసేవాళ్లు. విపరీతమైన తలనొప్పి, వాంతులు. ఆ నరకం చాలామందికి తప్పింది. 1979లో కార్మాక్, హౌన్స్‌ఫీల్డ్ ఇద్దరికీ కలిపి వైద్యంలో నోబెల్ ఇచ్చారు. ఇంట్లో ఎవరిదైనా సీటీ రిపోర్ట్ ఉంటే చూడండి, 'హెచ్‌యూ' అని కనిపిస్తే అది హౌన్స్‌ఫీల్డ్ యూనిట్. నీటికి 0, గాలికి మైనస్ 1000.

మన దేశం సంగతేంటి? ఉంది. జి.ఎన్. రామచంద్రన్ పేరు బయాలజీ వాళ్లకు తెలుసు, ప్రొటీన్ల ఆకారాల మీద పనిచేసిన శాస్త్రవేత్త, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్. 1971లో ఆయన, ఎ.వి. లక్ష్మీనారాయణన్ కలిసి ఇదే లెక్కను కంప్యూటర్ తక్కువ టైమ్‌లో చేసే పద్ధతి రాశారు. బీటెక్ వాళ్లు ఒకసారి మాట్‌ల్యాబ్ తెరవండి. 'ఐరాడాన్' అని ఒక ఫంక్షన్ ఉంటుంది. అందులో డిఫాల్ట్ ఫిల్టర్ పేరు 'రామ్-లాక్'. రామ్ అంటే రామచంద్రన్, లాక్ అంటే లక్ష్మీనారాయణన్. ఫంక్షన్ పేరులో రాడాన్, ఫిల్టర్ పేరులో మనవాళ్లు.

ఇప్పుడు మన బొగ్గు చుట్ట. దాన్ని ఇంగ్లండ్‌లోని డైమండ్ లైట్ సోర్స్ అనే కేంద్రంలో చాలా శక్తిమంతమైన ఎక్స్‌రేలతో స్కాన్ చేశారు. ఈ పనిని ఏళ్ల తరబడి నడిపించింది కెంటకీ యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ బ్రెంట్ సీల్స్. చిక్కేంటంటే, సిరా కూడా కార్బనే, కాలిన పపైరస్ కూడా కార్బనే. స్కాన్‌లో రెండూ ఒకేలా ఉంటాయి. అయితే కేసీ హాండ్‌మర్ అనే ఆయన ఆ చిత్రాలను గంటల తరబడి కళ్లతో చూసి, సిరా ఉన్నచోట ఎండిన చెరువు నేలలా సన్నటి పగుళ్లు కనిపెట్టాడు. ఫారిటర్ ఆ పగుళ్లను గుర్తుపట్టేలా మోడల్‌కు ట్రైనింగ్ ఇచ్చాడు. 2024 ఫిబ్రవరిలో యూసఫ్ నాదర్, ఫారిటర్, జూలియన్ షిలిగర్ ముగ్గురి టీమ్ 2000కు పైగా అక్షరాలు చదివి 7 లక్షల డాలర్ల బహుమతి గెలిచింది. అందులో ఏముందంటే, సంగీతం, తిండి, మనిషికి ఆనందం ఎలా కలుగుతుంది అనే చర్చ. దాదాపు రెండు వేల ఏళ్లుగా ఎవరూ చదవని పేజీలు!

సరే, దీనివల్ల మనకేంటి? ఇక్కడ నా అభిప్రాయం చెబుతా.

ఏ పరిశోధన అయినా చివరికి సీటీ స్కాన్ అవుతుందని చెప్పను. చాలా పేపర్లు ఎక్కడికీ చేరవు. 1917లో అందరూ రాడాన్‌ని చదివేసి ఉన్నా సీటీ స్కాన్ వచ్చేది కాదు, కంప్యూటర్ లేదు కాబట్టి. కానీ 1963కి కంప్యూటర్ ఉంది, గణితం ఉంది, ఖగోళంలో పద్ధతి ఉంది, రోగులూ ఉన్నారు. ఒకరి సంగతి ఇంకొకరికి తెలీదు. ఎందుకంటే ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టుకున్నారు. బ్రేస్‌వెల్ 'పట్టీలు' అన్నాడు, కార్మాక్ 'గీతలు' అన్నాడు. పేరు తెలియకపోతే వెతకడం ఎలా?

సాఫ్ట్‌వేర్‌లో మనకో అలవాటు ఉంది. కోడ్ రాసే ముందు, ఎవరైనా ఆల్రెడీ రాశారేమో అని లైబ్రరీ వెతుకుతాం. ప్రాజెక్ట్‌లో, ఎంటెక్‌లో, పీహెచ్‌డీలో కూడా అదే చేయండి. కాకపోతే ముందు మీ సమస్యలోంచి మీ బ్రాంచ్ మాటలన్నీ తీసేయండి. 'మెదడులో గడ్డ కనిపెట్టాలి' అని కాకుండా 'మొత్తాలు తెలుసు, లోపలి విలువలు కావాలి' అని రాసుకోండి. ఆ వాక్యాన్ని పక్క డిపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్రెండ్‌కి పంపండి. 'అరే, ఇది మా సిలబస్‌లోనే ఉంది కదా' అంటే మీకు కొన్ని నెలలు మిగిలినట్టే.

మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ సమస్యను ఇలా బ్రాంచ్ మాటలు లేకుండా ఒకే వాక్యంలో కామెంట్‌లో రాయండి. వేరే బ్రాంచ్ వాళ్లు జవాబిస్తారేమో చూద్దాం. నేనూ చదువుతాను. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.