ఇచ్చే లెండ్, పుచ్చుకునే బారో



ఇంగ్లీషు మీడియం పిల్లలున్న ఇళ్ళల్లో తరచు వినబడే మాట ఒకటుంది: ‘బారో మీ యువర్ పెన్’. పక్కబెంచీ పిల్లకి అర్థమవుతుంది, పెన్నూ ఇస్తుంది. అయినా మాట తప్పే. అనవలసింది ‘లెండ్ మీ యువర్ పెన్’.

లెండ్ ఇచ్చేవారి పని, బారో పుచ్చుకునేవారి పని. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం నుంచి మీరో నవల తెచ్చుకున్నారనుకోండి. మీరు బారో చేశారు, గ్రంథాలయం లెండ్ చేసింది. లెండ్‌కి ‘టు’, బారోకి ‘ఫ్రమ్’ తోడు వస్తాయి. జరిగిపోయినదానికి లెంట్, బారోడ్.

మరి మన పిల్లలకెందుకీ తికమక? మనకి అప్పు అనే మాట ఒక్కటే. పక్కన ఇవ్వడమో పుచ్చుకోవడమో చేర్చి సంగతి తేల్చుకుంటాం. ఇంగ్లీషులో అది క్రియలోనే ఇమిడి ఉంది.

అలాగని మన భాషేమీ తక్కువ తినలేదండోయ్! పక్కింటినుంచి గ్లాసుడు పంచదార తెస్తే అది బదులు. ఆ పంచదార కాఫీలో కరిగిపోయింది, తిరిగిచ్చేది వేరే పంచదార. పెళ్ళికి వదినగారి కాసులపేరు అడిగి పెట్టుకుంటే ఎరువు. ఆ కాసులపేరే, ఒక్క కాసు తగ్గకుండా తిరిగి వెళ్ళాలి. ఇంగ్లీషులో రెంటికీ బారోయే. ఎరువు నగ వేసుకుని పెళ్ళంతా మెడ తడుముకున్నవారికి ఈ తేడా నేను చెప్పక్కర్లేదు. కొట్లో అరువు సంగతి వేరు, అది ఖాతా పుస్తకానికి వదిలేద్దాం.

పెన్నుతో పోయేదైతే ఇంత చెప్పకపోదును. బ్యాంకు కాగితాల్లో లెండర్ అంటే బ్యాంకు, బారోయర్ అంటే అప్పు పుచ్చుకున్నవారు. మా వీధిలో ఒకావిడ మరిదిగారి అప్పు కాగితం మీద సాక్షి సంతకమనుకుని పెట్టారు. ఆ గీత కింద ‘కో-బారోయర్’ అని ఉంది. ఆ డబ్బులో రూపాయి ముట్టకపోయినా ఆవిడా బాకీదారే అయ్యారు. వాయిదాలు ఆగిపోయాక నోటీసు ఆవిడ పేరునా వచ్చింది. ‘గ్యారంటర్’ అని ఉంటే నిశ్చింత అనుకోకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, హామీ ఉన్నవారి బాధ్యతా అప్పు పుచ్చుకున్నవారితో సమానమే. ఉత్త సాక్షికైతే ‘విట్నెస్’ అని ఉండాలి.

‘ఇక్కడో సంతకం పెట్టు’ అని ఇంట్లో ఎవరైనా కాగితం తెచ్చినప్పుడు గీత కింద మాట చదవండి, లేదా పిల్లచేత పైకి చదివించండి. అందులో బారో అని వినబడిందా, కలానికి మూత పెట్టి ఎంత, ఎవరికోసం, ఎన్నాళ్ళకి అని అడగండి. కాఫీ పెట్టి ఇచ్చాక అడిగినా ఫర్వాలేదు, సంతకానికి ముందు అడిగితే చాలు.