ఇంజను బ్యాటరీ వేరు, ఇంటి బ్యాటరీ వేరు



కర్నూలు, కడప సీమలలో వానకు కొరత గాని ఎండకు కొదవ లేదు. 2017 నాటికి గని, శకునాల గ్రామముల ప్రాంతమున 1000 మెగావాట్ల సౌర విద్యుత్కేంద్రము వెలసినది. నేడు మన మిద్దెలపైనను సౌర ఫలకములు నిలుచుచున్నవి. పగటి శక్తిని రాత్రికి దాచునది బ్యాటరీ. దాని ఎన్నికలో పొరబడినచో కష్టార్జితము వృథా యగును.

ట్రాక్టరు బ్యాటరీని ఇంటి దీపములకు తగిలింపరాదా యని కొందరడుగుదురు. బండలాగు పందెపుటెద్దు వేరు, ప్రొద్దు గూకువరకు దుక్కి దున్ను ఎద్దు వేరు. కారు, ట్రాక్టరు బ్యాటరీలలోని సీసపు పలకలు పలుచనివి. అవి కొద్ది క్షణములు వందలాది ఆంపియర్లనిచ్చి ఇంజనును త్రిప్పును. రాత్రులందు పలుమార్లు ఖాళీ చేసినచో అవి త్వరలోనే చెడును. ఇంటికి దళసరి పలకల ట్యూబులర్ బ్యాటరీ తగినది. పడవలకని అమ్ము మెరైన్ బ్యాటరీలలోను ఇంజను త్రిప్పునవి, నిలకడగా పనిచేయునవి, రెంటికిని పనికివచ్చునవి కలవు. పేరు చూచి మోసపోరాదు.

ఇక అంకెల సంగతి. 100 ఏ.హెచ్., సి20 అని యున్నచో, గంటకు 5 ఆంపియర్ల వంతున కాక, ఏకధాటిగా 5 ఆంపియర్లు 20 గంటలపాటు ఇచ్చునని యర్థము. వేగముగా తోడినకొలది మొత్తము తగ్గును. కావున అదే అంకె సి10 లెక్కన ఉన్న బ్యాటరీ మరింత బలమైనది. సి.సి.ఏ. అనునది సున్నకు 18 డిగ్రీల దిగువ చలిలో 30 సెకనులు ఇంజనును త్రిప్పు శక్తి. ఇంటి దీపములకు దానితో పని లేదు.

మూడు 10 వాట్ల దీపములు, ఒక 70 వాట్ల పంకా కలిసి 100 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీనుండి ఇన్వర్టరు నష్టముతో సుమారు 10 ఆంపియర్లు. ఆరు గంటలకు 60 ఏ.హెచ్. సగమునకు మించి వాడకుండుట మేలు గనుక 120 కావలెను, 150 ఏ.హెచ్. కొనుట క్షేమము.

మన ఎండ బ్యాటరీకి శత్రువు. వేడి 10 డిగ్రీలు పెరిగినకొలది దాని ఆయువు సుమారు సగమగును. కావున నీడలో, గాలి యాడుచోట నుంచవలెను. బోరునీరు పోయరాదు; డిస్టిల్డు నీరే పోయవలెను. దాపున నిప్పు వెలిగింపరాదు.

అంగడికి పోవుటకు ముందు మీ ఇంటి వాట్లను, గంటలను కాగితముపై లెక్కవేసికొనుడు. ఆ లెక్కయే మీ సొమ్మునకు కాపు.