తోటను పంచిపెట్టిన వర్తకుడు



ఇంగ్లాండు దేశములోని బర్మింగ్‌హామ్ పట్టణమునకు చెందిన జార్జి కాడ్బరీగారిని మనమీ దినమున జ్ఞాపకము చేసికొందము. ఆయన క్వేకరు సంఘస్థులు. 1839లో జన్మించి, 1861లో అన్న రిచర్డుగారితో కలిసి తండ్రిగారి కోకో వ్యాపారమును చేపట్టిరి. అప్పటికది క్షీణదశలో నుండెను. అన్నదమ్ములు పొదుపుతోను ప్రయాసతోను దానిని నిలువబెట్టిరి.

జార్జిగారికి తోటలన్నను, పొలముల గాలియన్నను మిక్కిలి ప్రీతి. ఆ ప్రీతి ఆయన యింటి ప్రహరీగోడ దాటినది. సుమారు 50 సంవత్సరములు ఆదివారపు ఉదయములలో వయోజన పాఠశాలలో బోధించుచు, కూలివారి ఇరుకు ఇండ్లను, వెలుతురులేని సందులను ఆయన ఎరిగిరి. తనకు హితమైన గాలి వారికిని కావలెనని తలంచిరి.

1879లో అన్నదమ్ములు కర్మాగారమును ఊరిబయటి పొలములలోనికి మార్చి, ఆ చోటికి బోర్న్‌విల్ అని పేరుపెట్టిరి. పిమ్మట జార్జిగారు చేరువలో భూమి కొని, పెరళ్లుగల ఇండ్లు కట్టించి, పండ్లచెట్లు నాటించిరి. ఆ ఇండ్లలో తన పనివారేగాక ఇతరులును కాపురముండిరి. 1900లో, సుమారు 300 ఇండ్లుగల ఆ యూరిని ఒక ధర్మనిధికి వ్రాసియిచ్చిరి. అద్దెలలో మిగులు సొమ్ము ఊరి వృద్ధికే చెందునట్లు ఏర్పరచిరి. తన సంతానమునకు రాగల ఆస్తిని అట్లు విడిచిపెట్టిరి. 1922లో ఆయన మరణించిరి. ఆ ధర్మనిధి నేటికిని పనిచేయుచున్నది.

దుకాణములు, మిల్లులు గలవారము మనలోను ఉన్నాము. మల్లెపందిరి క్రింద చల్లగా కూర్చుండునప్పుడు, మనయొద్ద పనిచేయువారు ఏ రేకుల కప్పు క్రింద నిద్రించుచున్నారో విచారింతము. ఆ విచారణ ఫలము మన జమాఖర్చుల పుస్తకములో కనబడునుగాక.