ఉమ్మడి సొత్తునకు పోషకు లెవరు?
(ఒక పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



ఊరి చెరువును త్రవ్వించినవానిని అందరును కొనియాడుదురు. ఏటేట పూడిక తీయువాని పేరు ఎవరికిని తెలియదు. గట్టు తెగిననాడు గాని వాడు మనకు జ్ఞప్తికి రాడు.

కంప్యూటరు ప్రపంచమునందును ఇట్టి చెరువొకటి కలదు. దానికి ఓపెన్ సోర్సు సాఫ్టువేరని పేరు. దాని మూలమగు కోడును ఎవరైనను చదువవచ్చును, సవరింపవచ్చును, పరులకు పంచిపెట్టవచ్చును. మీ చేతులలోని ఆండ్రాయిడు ఫోనులకు ఆధారమగు లినక్సు అట్టిదే. ఈ నీరు త్రాగనివారు నేడు అరుదు. మరి పూడిక తీయువారి జీవనము మాటేమి?

గట్టు తెగిన కథ చెప్పెదను. ఇంటర్నెట్టుపై నడచు లావాదేవీల రహస్యమును కాపాడు ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అను సాఫ్టువేరునందు 2014 ఏప్రిలులో హార్ట్‌బ్లీడ్ అను లోపము బయటపడెను. సర్వర్లలోని రహస్యపు తాళపుచెవులను సైతము దొంగల చేతి కందించు లోపమది. కోట్లకు పడగలెత్తిన కంపెనీలు దానినే నమ్ముకొని యుండినవి. అయినను ఏడాదికి దానికి చేరుచుండిన విరాళములు సుమారు 2,000 డాలర్లు. పూర్తికాలము దానికై పాటుపడువాడు ఒక్కడు! అటుపిమ్మటనే పెద్ద కంపెనీలు లినక్సు ఫౌండేషను ద్వారా నిధి కూర్చినవి.

'ఉచితముగా ఇచ్చినదానికి సొమ్మేల?' అని కొందరడుగుదురు. స్వేచ్ఛ వేరు, వెల లేకుండుట వేరు. ఈ యుద్యమమునకు ఆద్యుడగు రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో తన ఈమాక్సును టేపుపై 150 డాలర్లకు అమ్మెను. కొన్నవాడు దానిని పంచుకొనుటకు మాత్రము అడ్డు చెప్పలేదు. రెడ్ హ్యాట్ కంపెనీ మరమ్మతును, పూచీని అమ్మి వర్ధిల్లెను; 2019లో ఐబీఎం దానిని 3,400 కోట్ల డాలర్లకు కొనెను. అమ్మదగినది శ్రమ, అమ్మరానిది హక్కు.

అయితే ధనము తెచ్చినవాడే దొర యగు అపాయము కలదు. 2023 ఆగస్టులో హాషీకార్ప్ అను కంపెనీ తన టెర్రాఫాం లైసెన్సును మార్చి, పోటీదారులు దానితో వ్యాపారము చేయరాదని నిబంధన పెట్టెను. ఇతరులు చేయూత నీయకయే లాభము పొందుచున్నారని దాని మొర. ఆ మొరలో న్యాయము లేకపోలేదు. కాని ఊరివారు వ్రాసియిచ్చిన కోడును సైతము అట్లు మార్చుటకు హక్కెక్కడిది? నేను న్యాయవాదిని గనుక దస్తావేజు చూడక మాటాడను. లైసెన్సు మార్చు అధికారమును కంపెనీకి వదలు ఒడంబడికపై వారు ముందే సంతకము చేసియుండిరి! తుదకు వాడుకరులు పాత కోడును గైకొని ఓపెన్ టోఫు అను వేరు చెరువు త్రవ్వుకొనవలసి వచ్చెను. లినక్సు కెర్నెలులోనో, వేలకొలది రచయితల హక్కులు వారివారి యొద్దనే యున్నవి. ఒక్కడు తలచి మార్చజాలడు.

కావున ఉమ్మడి సొత్తు నిలువవలెనన్న, హక్కు పలువురి చేతనో, ధర్మకర్తల సంఘము చేతనో ఉండవలెను. ఖర్చు మాత్రము లాభము పొందువారు ఏటేట భరింపవలెను.

నా తప్పును ఒప్పుకొనెదను. మా యాఫీసున అర్జీలన్నియు లిబ్రె ఆఫీసుపై వ్రాయుదుము. ఎన్నియో యేండ్లు దమ్మిడీ పంపలేదు. నిరుటినుండి, మా న్యాయపత్రికల చందా చెల్లించు దినముననే దానికిని చందా పంపుచున్నాను. అది దానము కాదు, నీటితీరువ. మీరును మీ దుకాణముల, బడుల పద్దులలో అట్టి పద్దొకటి వ్రాయుడు. గట్టు తెగక మునుపే వ్రాయుడు.