రైలు రాకముందు మన ఊరు

(రామనగుడలో ప్లస్‌టూ, డిగ్రీ విద్యార్థుల కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్లస్‌టూ అయ్యాక హిస్టరీ తీసుకుంటానంటే మన ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న "అది చదివి ఏం చేస్తావు?" అని. నర్సింగ్‌కో ఐటీఐకో పంపితే రెండు మూడేళ్లలో జీతం కళ్లజూస్తామని అమ్మానాన్నల లెక్క. కూలి డబ్బుతో చదివించేవాళ్లు అలా లెక్క వేయడం న్యాయమే. అందుకని నేను రాజుల కథలు చెప్పను. ఒక తేదీ చెబుతాను: 1930 డిసెంబర్ 13.

2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా అడిగే ఆదివాసీలు 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి ఆ భూమి తమ చేతిలో ఉందని చూపాలి. ఎస్టీ జాబితాలో లేనివాళ్లకు, అంటే ఇక్కడి దళితులకు, మనలాంటి తెలుగు కుటుంబాలకు అది చాలదు. ఆ తేదీకి వెనక మూడు తరాలు, 75 ఏళ్లు, ఈ అడవి మీదే బతికామని చూపాలి. అంటే 1930కి వెళ్లాలి.

అప్పటికి ఒడిశా రాష్ట్రమే లేదు. 1936 ఏప్రిల్ 1 దాకా గుణుపురం, రాయగడ, కొరాపుట్ అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో, జయపురం జమీందారీ కింద ఉండేవి. రాయగడ జిల్లా పుట్టిందే 1992లో. మరి తాతల నాటి కాగితం కలెక్టరేట్‌లో దొరకలేదంటే ఆశ్చర్యమేముంది? భువనేశ్వర్‌లోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో చూడాలి, చెన్నై ఎగ్మోర్‌లో పాత మద్రాసు రికార్డు ఆఫీసు ఉంది, అక్కడా చూడాలి. ఏ ఫైలు అడగాలో తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషి మన ఊళ్లో లేడు. దరఖాస్తు మాత్రం "ఆధారం లేదు" అనే ఒక్క మాటతో తిరిగొస్తుంది.

చట్టం కింద చేసిన నియమాల్లో పదమూడోది చదవండి. గెజిటీర్లు, జనాభా లెక్కలు, సెటిల్‌మెంట్ రిపోర్టులు, పటాలు, కోర్టు ఉత్తర్వులు, పాత బావులు, శ్మశానాలు, పెద్దల వాంగ్మూలం, ఇవన్నీ సాక్ష్యాలే. ఫలానా కాగితమే తెమ్మని కమిటీలు పట్టుబట్టకూడదని 2012లో చేర్చారు కూడా. హిస్టరీ క్లాసులో నేర్పేది సరిగ్గా ఈ పనే.

ఒక ఉదాహరణ. గుణుపురానికి చిన్న రైలు 1931లో వచ్చింది. ఒక ముసలాయన "రైలు రాకముందే మా నాయన ఈ గట్టు వేశాడు" అన్నాడనుకోండి. తెలియనివాళ్లకు అది కబురు. చదువుకున్నవాళ్లకు తేదీ దొరికినట్టే. ఇక ఆ మాటకు తోడు 1907లో ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం గెజిటీరు, 1945లో బెల్ రాసిన కొరాపుట్ గెజిటీరు చూస్తారు, ఆ గట్టును కొలిచి ఫోటో తీస్తారు. ఒకటికి మించి ఆధారాలుంటేనే దరఖాస్తు నిలబడుతుంది. ఆ మాట చెప్పగలిగినవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు.

మన సంఘాలకూ ఇందులో పని ఉంది. బ్రెక్లుమ్ మిషనరీలు ఈ కొండలకు 1882లో వచ్చారు. పాత బాప్తిస్మ, సమాధి రిజిస్టర్లు ఎక్కడ మిగిలినా అందులో పేరు, ఊరు, తేదీ ఉంటాయి. బీరువా మీద దుమ్ములో పెట్టకండి. ఎజ్రా గ్రంథం ఆరో అధ్యాయంలో మందిరం పనికి అడ్డు తొలగింది ఎందుకు? ఎవరో దస్తావేజులు వెతికి కోరెషు ఇచ్చిన పాత ఆజ్ఞను బయటికి తీశారు కాబట్టి.

పక్కనే ఉన్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు బడిలో చరిత్ర చెప్పేవారు. ముఖలింగం శాసనాలు చదివారు. సవరల భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. వాడుక భాష గిడుగుగానే మనకు తెలుసు గాని, ఈ మాస్టారు మనకు ఇంకా దగ్గరివాడు.

ఇక ఉద్యోగాలు. ఉత్త బీఏ పాసుతో ఏదీ రాదు, దాచడం ఎందుకు? బీఏ మీద బీఎడ్ చేస్తే హైస్కూల్లో టీచరు. ఎంఏ, నెట్ ఉంటే కాలేజీ లెక్చరరు పోస్టుకు వెళ్లొచ్చు. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏడాది డిప్లొమా ఉంది, రికార్డుల భద్రత పని నేర్పుతారు. మూడేళ్ల లా చేసి వకీలు కావచ్చు. నా ఓటు దీనికే, భూమి కేసులు పట్టించుకునే వకీళ్లు మనకు మరీ తక్కువ. గ్రూపు పరీక్షల్లోనూ సివిల్స్‌లోనూ హిస్టరీ ఎలాగూ చదవాల్సిందే.

మీకు ఇంకొకటుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో కుయి లేదా సవర. పెద్ద ఊరి కాలేజీల్లో ఫస్టు క్లాసు వచ్చినవాళ్లకు ఇవన్నీ ఒక్క నోట దొరకవు. ఇంగ్లీషు చదవడం మాత్రం గట్టిగా పట్టుకోండి, పాత ఫైళ్లు చాలావరకు అందులోనే ఉంటాయి.

భోజనాల తర్వాత సంఘం పాత రిజిస్టర్లు బల్ల మీద పెడతాం. ఫోన్లలో చార్జింగ్ ఉన్నవాళ్లు ఉండండి, పేజీ పేజీ ఫోటో తీద్దాం.