మోర్మను సంఘస్థుల అనుదిన జీవితము – మన వైఖరి
(శతవార్షిక సభలలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షికోత్సవములలో మన అధ్యక్ష మండల చరిత్రను గూర్చి, మిషనరీల త్యాగమును గూర్చి చెప్పుటకు అనేకులున్నారు. మాకు ఇయ్యబడిన అంశము వేరు. మోర్మనులని పిలువబడువారు తమ ఇండ్లలోను సంఘములోను ఎట్లు జీవించుదురు, వారియెడల మనము ఎట్లుండవలెను అన్నదే ఆ అంశము. "వారి సంగతి మనకేల?" అని అడిగినవారు లేకపోలేదు. హైదరాబాదు, విశాఖపట్నము, రాజమండ్రి పట్టణములలో వారి సంఘములున్నవి. ఉద్యోగములకై అమెరికా వెళ్లిన మన పిల్లలకు వారు ఇరుగుపొరుగువారు, తోటి ఉద్యోగులు. కనుక మనకు కొంత తెలిసియుండుట మంచిదే.

ముందుగా పేరు మాట. మోర్మను అన్నది ఇతరులు పెట్టిన పేరు. వారి గ్రంథమునుబట్టి అట్లు పిలిచిరి. వారు తమను యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము అని చెప్పుకొందురు. పూర్తి పేరునే వాడవలెనని 2018లో వారి అధ్యక్షులు రస్సెల్ ఎం. నెల్సన్ గట్టిగా కోరిరి. మేము ఇక్కడ వాడుక పేరే చెప్పుచున్నాము. సభకు సులువుగా తెలియుటకే గాని, తక్కువ చేయుటకు కాదు.

1830 ఏప్రిల్ 6న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో జోసెఫ్ స్మిత్ అను యువకుడు ఈ సంఘమును స్థాపించెను. 1844లో ఇల్లినాయిస్ రాష్ట్రమందలి కార్తేజ్ చెరసాలలో ఉండగా ఒక మూక అతనిని చంపెను. తరువాత బ్రిగ్‌హామ్ యంగ్ నాయకత్వమున వేలాదిమంది బండ్లతోను కాలినడకతోను ప్రయాణము చేసిరి. 1847లో యూటా ప్రాంతపు ఉప్పు సరస్సు లోయకు చేరిరి. తరుమబడిన జనము గనుక ఒకరినొకరు ఆదుకొనుట వారికి బ్రదుకుతెరువైనది. ఆ అలవాటు నేటికిని పోలేదు. బహుభార్యాత్వము వారిలో ఒకప్పుడు ఉన్న మాట నిజమే. 1890లో వారి అధ్యక్షుడు ప్రకటన చేసి దానిని విడిచిపెట్టించెను. నేడు ఆ పని చేయువారిని ఆ సంఘము వెలివేయును. ఇంకను దానినే చెప్పి నవ్వుట మనకు తగదు.

సిద్ధాంతమున మనకును వారికిని ఉన్న భేదము చిన్నది కాదు. బైబిలుతో పాటు మరికొన్ని గ్రంథములు వారికి లేఖనములే. త్రియేక దేవుని గూర్చి ఆది సంఘము ఒప్పుకొన్న విశ్వాస ప్రమాణమును వారు అంగీకరింపరు. వారి బాప్తిస్మము చెల్లదని 2001లో రోమను కతోలిక సంఘము తీర్మానించెను. మన బాప్తిస్మమును వారును అంగీకరింపరు, మనవారు అక్కడికి వెళ్లినయెడల మరల బాప్తిస్మము ఇత్తురు. దీనిని దాచి స్నేహము చేయనక్కరలేదు. ఆ సంగతులు మన గురువులు మరియొక దినమున వివరింతురు. నేడు మనము చూచునది వారి బ్రదుకు.

మొదట వారి ఆదివారము. వారి స్థానిక సంఘమును వార్డు అందురు. దానికి పెద్దయైనవానిని బిషప్పు అందురు. ఈ మాట విని మన అధ్యక్షులవారిని తలంచుకొనవద్దు. వారి బిషప్పు ఒక్క సంఘమునకు మాత్రమే పెద్ద. అతనికి జీతము లేదు, వేదాంత కళాశాల చదువు లేదు. వారమంతయు బడిలో పాఠములు చెప్పుకొనువాడో, దుకాణము నడుపుకొనువాడో, పండ్ల వైద్యుడో అయియుండును. సుమారు అయిదేండ్లు ఆ పని చేసిన తరువాత కృతజ్ఞతలు చెప్పి విడుదల చేయుదురు. నిన్నటివరకు బిషప్పుగా నుండినవాడు రేపు పసిపిల్లల తరగతికి పాఠము చెప్పుచు కనబడును. దానిని అవమానమని ఎవరును అనుకొనరు. పదవి దిగిన సంఘ పెద్ద వెనుక వరుసకు పోయి ముఖము ముడుచుకొని కూర్చుండుట ఎరిగిన మనకు ఇది వినసొంపుగానే యున్నది.

ప్రసంగము చేయువారును సంఘస్థులే. రెండు మూడు వారముల ముందు "మీరు ఫలానా విషయము మాటలాడవలెను" అని చెప్పుదురు. ఇంటి ఇల్లాలు మాటలాడును, హైస్కూలు పిల్లవాడు మాటలాడును. అన్ని ప్రసంగములు బాగుండునని కాదు, నిద్ర తెప్పించునవియు ఉండును. అయితే వినుటకు వచ్చినవాడు ఏదో ఒకనాడు తానే లేచి చెప్పవలెను గనుక కొంత చదువుకొనును. సంస్కారమునకు రొట్టెయు ద్రాక్షారసమునకు బదులు మంచినీళ్లును వాడుదురు. పండ్రెండేండ్ల ప్రాయపు బాలురు వాటిని వరుసలకు అందించుదురు. 1980 మొదలుకొని మూడు గంటలు సాగిన ఆదివారపు కూడికలను 2019 జనవరి నుండి రెండు గంటలకు తగ్గించిరి.

ఇంకొక ఏర్పాటును గూర్చి మనము ఆలోచింపవలెను. ఎవరు ఏ వార్డుకు పోవలెనో వారి ఇల్లు ఉన్న వీధినిబట్టి నిర్ణయమగును. ప్రసంగీకుడు నచ్చలేదని పక్క వార్డుకు మారు వీలు సాధారణముగా లేదు. వైద్యుడును, వాచ్‌మనును ఒకే వీధి చుట్టుపక్కల నున్నయెడల ఒకే బల్ల మీద కూర్చుండవలెను. మన ఊళ్లలో రెండు పేటలకు రెండు దేవాలయములు ఎందుకున్నవో ఈ సభలో ఎరుగనివారు లేరు. ఆ మాటను ఇంతటితో విడుతుము. అయితే వారి ఏర్పాటులోను లోపమున్నది. వీధియే ధనవంతుల వీధియైనప్పుడు వార్డును ధనవంతుల వార్డే అగును.

ప్రతి నెల మొదటి ఆదివారము వారు ఉపవాసముందురు. రెండు పూటల భోజనము మాని, ఆ భోజనమునకు అగు వ్యయమును, కలిగినవారు అంతకు మించియు, బీదలకొరకు ఇత్తురు. మన స్త్రీలు పొయ్యి మీద ఎసరు పెట్టునప్పుడు ప్రభువు పేరట తీసియుంచు పిడికెడు బియ్యము ఇటువంటిదే. మన తల్లులు ఆ పిడికెళ్లతో ఎన్ని దేవాలయములు కట్టిరో ఈ సంచికలోని సంఘ చరిత్రలు చదివినవారికి తెలియును. ఇప్పుడు ఎన్ని ఇండ్లలో ఆ కుండ ఉన్నదో మీరే చెప్పవలెను. ఆ ఉపవాస ఆదివారమున నియమిత ప్రసంగీకులు ఉండరు. ఎవరికి ప్రేరణ కలిగిన వారు లేచి సాక్ష్యము చెప్పుదురు.

దశమభాగము సంగతి మరికొంత కఠినము. ఏటేట ప్రతి కుటుంబము బిషప్పును కలిసికొని, తాము పూర్తి దశమభాగము ఇచ్చితిమో లేదో నోటితో చెప్పవలెను. పూర్తిగా ఇయ్యనివారికి వారి మందిరములోనికి ప్రవేశపత్రము దొరకదు. అయితే ఎవరెంత ఇచ్చిరో సంఘము ఎదుట చదువరు. కోత పండుగలో కానుకల పట్టీని మైకులో చదువుట, చిన్న మొత్తము ఇచ్చిన విధవరాలు తలవంచుకొనుట వారిలో లేవు. ఈ విషయమున మాత్రము వారి పద్ధతి సువార్తకు దగ్గరగా నున్నదని మా అభిప్రాయము.

కష్టకాలమందు ఆ సంఘము చేయు పని చూడవలసినదే. 1936లో, అమెరికా దేశమంతట పని దొరకక జనులు అల్లాడుచున్న దినములలో, వారు సహాయ పథకమొకటి ఏర్పరచిరి. బిషప్పు చీటీ వ్రాసియిచ్చినయెడల సంఘపు ఉగ్రాణము నుండి పిండి, పాలు, కూరగాయలు ధర లేకుండ దొరకును. పుచ్చుకొన్నవాడు తన శక్తికొలది ఏదైన పని చేయవలెనని అడుగుదురు. ఉచితము తినువాడని ఎవడును వాని నననక్కరలేదు. ఏ ఇంటికి ఏమి కావలెనో కనుగొనుటకు తరచుగా వెళ్లునది వారి స్త్రీల సమాజపు అధ్యక్షురాలు. ఆ సమాజము 1842లో ఇరువదిమంది స్త్రీలతో ప్రారంభమైనది. ఇంటిలో మరణము సంభవించినప్పుడు ఈ స్త్రీలే వంట చేసికొని వత్తురు. బంగాళదుంపలతోను జున్నుతోను చేసిన ఒక వంటకము యూటాలో ఎంత మామూలనగా, దానికి సమాధి దుంపల కూర అనునట్లు పేరు పడిపోయినది. చావు ఇంట పొయ్యి వెలిగింపరాదని, ఇరుగుపొరుగు అన్నము తెచ్చు మన ఆచారము వంటిదే ఇది. తేడా ఏమనగా, అక్కడ ఎవరు తేవలెనో ముందే ఏర్పాటై యుండును. ఎవరును తేకపోవుట జరుగదు.

పూర్వము ఇద్దరేసి పురుషులు తమకు అప్పగింపబడిన ఇండ్లకు నెలనెల వెళ్లి క్షేమము విచారించి వచ్చెడివారు. స్త్రీలకును అటువంటి ఏర్పాటే యుండెను. నెలాఖరు దినమున గబగబ లెక్క పూర్తి చేసికొనుటకు తలుపు తట్టువారును వారిలో ఉండెడివారు. 2018లో ఆ లెక్కల పద్ధతి తీసివేసి, అవసరమునుబట్టి పరామర్శించుడని మార్చిరి. లెక్క లేనప్పుడు వెళ్లుదురా అన్నది ఏ సంఘమునకైనను పరీక్షయే.

సోమవారపు సాయంకాలము కుటుంబమునకు ప్రత్యేకము. ఆ రాత్రి సంఘ కూటములు పెట్టరు. తలిదండ్రులు పిల్లలతో కూర్చుండి పాట, ప్రార్థన, చిన్న పాఠము, ఏదో ఆట, తినుటకు ఏదో తీపి, ఇట్లు గడుపుదురు. కూటములెక్కువై ఇంటి ప్రార్థన తక్కువైన మన పట్టణ సంఘములు దీనిని గమనింపవచ్చును.

ఇంతవరకు విన్నవారికి ఇది స్వర్గమేమో అని తోచవచ్చును. అంత దగ్గరగా అల్లిన చాపలో సందు ఉండదు, బయటివానికి చోటును ఉండదు.

యూటాలో ఒక వీధి నిండ వారే ఉన్నప్పుడు, వేరు విశ్వాసముగల ఒక్క కుటుంబము అక్కడికి వచ్చినదనుకొనుడు. మొదటి వారము రొట్టెలు, మిఠాయిలు వచ్చును, ఆహ్వానములు వచ్చును. ఈ కుటుంబము వారి సంఘములో చేరదని తేలిన తరువాత రాకపోకలు తగ్గును. పిల్లలను ఆటలకు పిలువరు. ఇట్లు జరిగినదని అక్కడివారు అనేకులు చెప్పుకొనిరి. ఇది శత్రువుల నింద అని త్రోసివేయుటకు వీలులేదు. 2001 అక్టోబరులో వారి మహాసభలోనే, పన్నిద్దరు అపొస్తలులలో ఒకరైన ఎం. రస్సెల్ బాలర్డ్ ఈ విషయమెత్తి తమవారిని మందలించిరి. వేరు సంఘపు పిల్లలతో తమ పిల్లలను ఆడుకొననీయని తలిదండ్రుల ప్రవర్తన తగదనిరి. సభ్యులు కానివారు అను మాటనే విడిచిపెట్టుడనిరి. తమవారి తప్పు తమ వేదిక మీదనే చెప్పుకొనగల సంఘమును మనము గౌరవింపవలెను.

పెండ్లి విషయము మరింత నొప్పించునది. వారి మందిరములో జరుగు వివాహ సంస్కారమునకు ప్రవేశపత్రము గలవారు తప్ప మరెవ్వరును లోపలికి పోరాదు. అమ్మాయి ఒక్కతె ఆ సంఘములో చేరి పెండ్లి చేసికొనినయెడల, కని పెంచిన తల్లి బయట తోటలో కూర్చుండవలెను. మొదట బయట అందరి ఎదుట పెండ్లి చేసికొని తరువాత మందిరమునకు పోవుదమన్నను, అమెరికాలో ఒక సంవత్సరము ఆగవలెనను నియమముండెను. 2019 మే నెలలో ఆ నియమమును తీసివేసిరి. అంతకు ముందు ఎందరు తల్లులు ఆ తోటలలో కన్నీరు కార్చిరో దేవునికే తెలియును.

కుటుంబమే సర్వమైన చోట పెండ్లి కానివారు, విడిపోయినవారు, పిల్లలు లేనివారు నలుగురిలో ఒంటరివారగుదురు. పెండ్లి కాని యౌవనస్థులకు వేరు వార్డులే ఏర్పరచిరి. అది మేలో కీడో చెప్పుట కష్టము. సందేహము కలిగినవాని స్థితి ఇంకను కష్టము. స్నేహితులు, బంధువులు, ఒక్కొక్కచోట జీవనోపాధి సయితము సంఘముతో ముడిపడియున్నప్పుడు, నోరు తెరచి ప్రశ్న అడుగుట ఎట్లు? స్త్రీలు ప్రసంగించుదురు, ప్రార్థించుదురు గాని యాజకత్వము వారికి లేదు. ఆఫ్రికా సంతతి పురుషులకును 1978 జూన్ వరకు అది లేకుండెను. ఆ సంవత్సరము అధ్యక్షుడు స్పెన్సర్ డబ్ల్యు. కింబల్ కాలములో ఆ అడ్డు తొలగినది.

అదే 1978 డిసెంబరులో, సమోవా దీవులలో ఆ సంఘమున చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు ఆ సంఘము పంపగా హైదరాబాదు వచ్చిరి. ఆ కొద్దికాలములో వారి బంధువులు 22మంది బాప్తిస్మము పొందిరి. మోర్మను గ్రంథములోని కొన్ని భాగములు 1982లో తెలుగున వెలువడినవి. భారతదేశములో వారి మొదటి స్టేకు, అనగా వార్డుల సముదాయము, 2012లో హైదరాబాదులోనే ఏర్పడినది. వారిలో చేరిన తెలుగువారిలో మనవంటి సంఘములనుండి వెళ్లినవారును ఉన్నారు. ఇది మన గుండెకు తగులు సంగతి. ఒక ఇంటిలో అన్న మన బల్ల యొద్ద, తమ్ముడు వారి బల్ల యొద్ద నుందురు. క్రిస్మసుకు కలిసి భోజనము చేయుదురా లేదా అన్నది పెద్ద తగవగును. "సంఘము వదలినవాని ఇంటి శుభకార్యమునకు పోకుడి" అని చెప్పు పెద్దలు మనలోను ఉన్నారు. అట్లయిన యూటా వీధికిని మన వీధికిని భేదమేమి?

వెళ్లినవాడు ఎందుకు వెళ్లెనో అడిగిన పెద్దలు తక్కువ. సిద్ధాంతము తూచి వెళ్లినవారు కొందరుండవచ్చును. జబ్బు పడినప్పుడు తలుపు తట్టినది వారు గనుక వెళ్లినవారును ఉందురు. మన పాస్టరేటులో ఒక్క గురువుగారికి ఎన్ని గ్రామములో లెక్కించుడి. ఆయన ఒక్కరే పరామర్శింపవలెనన్నచో నెలకొకసారియైన ఎట్లు సాధ్యమగును? దోర్నకల్ మొదటి అధ్యక్షులు అజరయ్యగారు బాప్తిస్మము పొందిన ప్రతివానిచేత తన తల మీద చేయి పెట్టించి, సువార్త ప్రకటింపకపోయిన నాకు శ్రమ అని పలికించెడివారు. కూలివాడును, చదువురానివాడును సాక్ష్య వారములో ఊరూరు తిరిగెడివారు. సంఘస్థులందరికి పని పెట్టుట మోర్మనులనుండి మనము అరువు తెచ్చుకొనవలసినది కాదు, మన తాతలు మన ఇంట దాచిన వస్తువే.

చివరగా యౌవనస్థులు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి ముగింతుము. తెల్ల చొక్కాలు తొడిగి, రొమ్మున పేరు బిళ్ల పెట్టుకొని ఇద్దరు కుర్రవాండ్రు మీ ఇంటికి వచ్చినయెడల ఏమి చేయవలెను? వారు పదునెనిమిది, ఇరువదియేండ్ల బిడ్డలు. తమ ఖర్చు తామో, తమవారో భరింపగా, రెండేండ్లు ఇల్లు విడిచి వచ్చినవారు. లోపలికి పిలిచి ఫ్యాను వేసి కూర్చుండబెట్టుడి. వారు చెప్పునది వినుడి, మీ విశ్వాసమును మీరును నెమ్మదిగా చెప్పుడి. మీకు ఇష్టము లేనిచో మరల రావద్దని మర్యాదగా చెప్పవచ్చును. టీ మాత్రము పెట్టకుడి. 1833 నుండి వచ్చిన వారి నియమమునుబట్టి టీ, కాఫీలు వారు ముట్టరు. మీరు బలవంతము చేసినయెడల పాపము ఇబ్బంది పడుదురు. మజ్జిగ ఇయ్యుడి.